కోనసీమలో బావి నీళ్లు ఉప్పగా మారడానికి వాతావరణ మార్పే కారణమా?

మాది రాజోలు దగ్గర ఊరు. ఈ ప్రశ్నకి జవాబు నాకు మా అమ్మ పప్పు గిన్నెలో దొరికింది.

ఆ వేసవిలో కందిపప్పు ఎంతకీ ఉడికేది కాదు. కుక్కర్ ఎనిమిది కూతలు కూసినా బద్ద బద్దలాగే ఉండేది. పాత సరుకు అంటగట్టాడని అమ్మ కొట్టాయన్ని తిట్టిపోసింది. ఇంకో కొట్లో తెచ్చిన పప్పూ అంతే. తర్వాత టీలో పాలు విరిగాయి. అప్పుడు నాన్నగారు చేదలోంచి దోసెడు నీళ్లు నోట్లో పోసుకుని, పుక్కిలించి ఊసేశారు. "ఉప్పెక్కిపోయిందే" అన్నారు, అంతే. తాతగారు తవ్వించిన బావి అది. 1996 నవంబరు తుఫానుకి తోట నేలమట్టమైతే, మళ్లీ వేసిన కొబ్బరిమొక్కలు బతికింది ఆ నీళ్లతోనే. ఇప్పుడు ఇనప మూత వేసి దానిమీద వడియాలు ఎండబెడుతున్నాం.

మా పెరటి వెనక వరిచేలు అప్పటికి నాలుగేళ్లుగా వెనామీ రొయ్యల చెరువులు. రొయ్యకి ఉప్పు కావాలి కాబట్టి లోతు బోర్లలోంచి ఉప్పునీళ్లు తోడి పోస్తారు. మా నేలల్లో మంచినీళ్లు ఉప్పునీళ్ల మీద మీగడలా తేలుతుంటాయి. సముద్రమట్టం కంటే అడుగు ఎత్తున మంచినీరుంటే కింద దాదాపు 40 అడుగుల దాకా ఉంటుందని లెక్క. ఆ పై అడుగూ తోడేస్తే ఉప్పు ఎంత పైకి లేస్తుందో చూసుకోండి. పైనుంచి చెరువు ఊట, కిందనుంచి మోటార్లు, మధ్యలో మా బావి.

సముద్రం పెరగట్లేదని అనను. గోదావరి ఒండ్రు ఎగువ ఆనకట్టల దగ్గరే ఆగిపోతే తీరం కోసుకుపోదా? కానీ మా ఊరి ఉప్పులో ముప్పాతిక వంతు చెరువులదే, ఎవరేమన్నా సరే. మా వీధిలో బీపీ మాత్ర మింగని ఇల్లు లేదు, అదీ ఈ నీళ్ల వల్లేనని నా గట్టి నమ్మకం. డాక్టరు గారు నవ్వేస్తారనుకోండి.

డ్రెయిన్ల సంగతి ఇక చెప్పక్కర్లేదు. గుర్రపుడెక్క నిండి, సముద్రంలో కలిసే మొగ పూడిపోయి, వాన నీరు దిగదు, పోటు నీరు మాత్రం ఎక్కి వస్తుంది. 2011లో కోనసీమ రైతులు సార్వా మానేసి పంట విరామం పాటించినప్పుడు అడిగినవాటిలో ఇదీ ఉంది. 2022 జూలై వరదలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. గోదారి మా అరుగు దాకా వచ్చిన ఆ రోజు కూడా మేం తాగింది పడవలో వచ్చిన క్యాన్ నీళ్లే.

ఇప్పటికీ పప్పుకి క్యాన్ నీళ్లు, స్నానానికి బోరు నీళ్లు. సబ్బు నురగ రాదు, అదో గోల.