నిద్ర పట్టాలంటే పొద్దటి సంది చూసుకోవాలె

చి. శీనుకు,

నీ మామ ఆశీర్వదించి రాసేది. పదకొండింటికి పండుకున్నా ఒంటిగంట దాటితే గాని కన్ను అంటుకుంటలేదని, అడ్తి దుకాణంల చిట్టీలు రాసేటప్పుడు తప్పులు పోతున్నయని మీ అమ్మ చెప్పింది. నిద్రగోలీలు తెచ్చుకుందామనుకుంటున్నవట. జర ఆగు అల్లుడా. ముందు పగటి అలవాట్లు సవరించుకో.

మొదలు లేచే టైం పట్టుకో. రాత్రి ఎప్పుడు నిద్రపట్టినా పొద్దుగాల ఆరుకు లేవాలె. ఆదివారమైనా, బాదేపల్లి మార్కెట్ బందున్నా అదే ఆరు. లేచినంక అరగంట ఆరుబయట తిరుగు. పొద్దటి వెలుగు కంట్లె పడితెనే రాత్రి నిద్ర ఎప్పుడు రావాల్నో ఒళ్లు లెక్క కట్టుకుంటది. ఆదివారం తొమ్మిదింటిదాక పండుకుంటే ఆ రాత్రి నిద్ర వెనకకు జరుగుతది, సోమవారం మళ్ల మొదటికొస్తది. కొత్తల నాలుగైదు రోజులు కండ్లు మండుతయి. ఓర్చుకోవాలె.

ఇగ చాయ్. పల్లికాయ సీజన్‌ల వచ్చిన ప్రతి రైతుతోటి ఒక అరకప్పు తాగుతవు, అరకప్పే కదా అని లెక్కల పట్టవు. పగలంతా ఒంట్లె పోగైన అలసటే రాత్రి నిద్రను తెస్తది. చాయ్‌ల ఉండే కెఫీన్ ఆ అలసట మెదడుకు తెల్వకుండ అడ్డం పడతది. తాగిన దాంట్ల సగం కరగడానికే ఐదారు గంటలు కావాలె. సాయంత్రం ఆరింటికి తాగితే పదకొండింటికి కూడ సగం అట్లనే ఉంటది. మధ్యాహ్నం రెండు దాటినంక చాయ్ ముట్టకు. ఎవరన్న పోస్తే మజ్జిగ అడుగు. ఒక్కసారే బందు పెడితే తలనొప్పి లేస్తది, రెండ్రోజులకో కప్పు చొప్పున తగ్గించు, సాయంత్రపు కప్పుతోని మొదలువెట్టు.

పగటి కునుకు తప్పు కాదు. మధ్యాహ్నం మూడింటి లోపల, ఇరవై నిమిషాలు, అలారం పెట్టుకొని. ఆదివారం కూర తిని రెండు గంటలు పండుకున్నవంటే రాత్రికి రావాల్సిన నిద్రను అప్పుడే తినేసినట్టు.

కల్లు తాగితే మంచిగ నిద్రొస్తదని దోస్తులు చెప్తరు. తొందరగ పడతది, నిజమే. రెండు మూడు గంటలల్ల మత్తు దిగంగనే మెలకువైతది, నోరు ఎండుతది, ఒంటేలుకు లేవాల్సొస్తది. గొంతు కండరాలు వదులై గురక కూడ పెరుగుతది. ఇంకో మాట గట్టిగ చెప్తున్న. మన పాలమూరు దిక్కు కల్తీ కల్లుల అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తుమందులు కలుపుతరు. దానికి అలవాటైనోళ్లు ఒక్కసారి బందు పెడితే నిద్ర అసలే పట్టదు, చేతులు వణుకుతయి, ఫిట్స్ కూడ వస్తయి. నీ దోస్తులల్ల అట్ల ఎవరన్న ఉంటే సొంతంగ మానమని చెప్పకు. మహబూబ్‌నగర్ సర్కారు దవాఖానకు తోలుకపో, డాక్టర్ దగ్గరుండి మెల్లగ తగ్గిస్తరు. నువ్వు అడిగే నిద్రగోలీలల్ల కూడ ఆ జాతివే ఉంటయి, అందుకే వద్దంటున్న.

మీది స్లాబు ఇల్లు. పగలు గుంజుకున్న వేడిని స్లాబు నడిరాత్రిదాక లోపలికి దించుతనే ఉంటది. నిద్ర పట్టాలంటే లోపటి ఒళ్లు జర సల్లబడాలె, ఆ వేడిల అది సల్లబడదు. ఎండకాలం రాకముందే పైన సున్నం రెండు పూతలు వేయించు. ఎండలు ముదిరినంక నీళ్లుంటే పొద్దుగూకినాక స్లాబు తడుపు. కూలర్‌ను గది నడుమ పెట్టకు. కిటికీకి ఆనిచ్చి పెట్టు, బయటి గాలి గుంజాలె. ఎదురుంగ ఇంకో కిటికీ తెరిచి ఉండాలె, లేకుంటే తేమ లోపలనే నిలిచి దుప్పటి జిగటైతది. వానలు మొదలైనంక నీళ్ల మోటర్ బందు పెట్టి ఉత్త ఫ్యాన్ నడిపించు.

రాత్రి బువ్వ ఎనిమిదింటికి తిను, పండుకోను రెండు మూడు గంటల ఎడం ఉండాలె. ఫోన్ అర్ర అవతల చార్జింగ్‌కు పెట్టు. అలారంకు మామూలు గడియారం కొనుక్కో.

మంచమెక్కి అందాజ అరగంటైనా నిద్ర రాకుంటే అట్లనే పొర్లకు. లేచి ఇంకో అర్రల సన్నటి లైటుకు కూర్చో, కండ్లు మూతలు పడ్డప్పుడే మల్ల పో. గడియారం చూడకు. మంచం మీద కూర్చొని అడ్తి లెక్కలు చూసుడు కూడ బందు పెట్టు. మంచమెక్కంగనే లెక్కలు యాదికొచ్చేది ఆ అలవాటుతోనే.

ఇదంత మూడు నాలుగు వారాలు విడువకుండ చెయ్యి. మీ అమ్మను ఒక మాట అడుగు: నిద్రల నీకు గట్టి గురకొచ్చి, నడుమ నడుమ శ్వాస ఆగి, ఉలిక్కిపడి లేస్తున్నవా అని. అట్లుంటే మాత్రం ఇయ్యన్ని చేసుకుంట వారాలు ఆగకు, వెంటనే ముక్కు, గొంతు డాక్టరుకు గాని ఊపిరితిత్తుల డాక్టరుకు గాని చూపించుకో.

ఇట్లు,
నీ మామ