చేతి పనిముట్లతో గాలి తుపాకీ చేయొచ్చా? నేను మూడు చేసి నేర్చుకున్నది

లేత్ లేదు, కరెంటు డ్రిల్ లేదు, ఉన్నదల్లా హ్యాక్‌సా, ఆకురాయి, రెండు స్పానర్లు. వీటితో సైకిల్ పంపు గాలితో పేలే తుపాకీ చేయొచ్చా అని అడిగారు. చేయొచ్చండి. నేను మూడు చేశాను. మొదటిది ఊడిపోయింది, రెండోది ఉస్సుమంది, మూడోది ఇప్పటికీ పనిచేస్తోంది. అయితే నాది స్పాంజి ముక్కలు విసిరే బొమ్మ. గోలీలు, ఇనుప గుళ్లు పెట్టే తుపాకీ జోలికి నేను పోలేదు, మీరూ పోవద్దు. చాలా దేశాల్లో దానికి చట్టాలు వేరే ఉంటాయి.

మొదటి దాని కథ ముందు చెప్పాలి, ఎందుకంటే అందరూ మొదట చేసే తప్పు అదే. నీళ్ల పీవీసీ పైపునే గాలి ట్యాంకుగా వాడాను. రెండు కొసలా మూతలు అతికించి, గమ్ ఆరడానికి ఒక రోజు ఆగమని డబ్బా మీద రాసి ఉన్నా రెండు గంటలకే పంపు కొట్టాను. పంపు ముల్లు 4 బార్ (బార్ అంటే ఒత్తిడి కొలత) దగ్గరికి వచ్చిందో లేదో, ఠప్పుమని వెనక మూత ఎగిరి గోడకి కొట్టుకుంది. సున్నం పెచ్చు ఊడింది. నా మొహం అటు లేదు కాబట్టి ఈ రోజు ఇది రాస్తున్నాను.

గమ్ సరిగా ఆరి ఉంటే బాగుండేదేమో అనుకున్నాను అప్పట్లో. కాదు. పైపు మీద ముద్రించే ఒత్తిడి అంకె నీళ్లకి, గాలికి కాదు. లీటరు ట్యాంకులో 5 బార్ నీళ్లు ఉంటే అందులో దాగిన శక్తి ఒక జూల్‌లో పదో వంతు కూడా ఉండదు, నీరు నలగదు కాబట్టి. అదే ట్యాంకులో 5 బార్ గాలి ఉంటే 300 జూల్స్ పైమాటే. అంటే 30 మీటర్ల ఎత్తు నుంచి కిలో బరువు మీద పడ్డట్టు. పైగా పీవీసీ చిరగదు, గాజులా పెంకులుగా పగులుతుంది. ఎండలో ఉన్న పైపు, చలికి బిగుసుకున్న పైపు ఇంకా ప్రమాదం.

అందుకే ఇప్పుడు నా ట్యాంకు లీటరు కూల్‌డ్రింక్ బాటిల్. నవ్వకండి. గ్యాసు నింపిన డ్రింకు ఒత్తిడిని మోయడానికే దాన్ని చేస్తారు. విఫలమైనా ఉబ్బి చిరుగుతుంది తప్ప పెంకులు విసరదు. అయినా నేను 2 బార్ దాటను, కళ్లద్దాలు లేకుండా పంపు ముట్టను.

కూర్పు ఇలా. బాటిల్ మూతకి చిన్న రంధ్రం పెట్టి, గుండ్రటి ఆకురాయితో కొంచెం కొంచెంగా వెడల్పు చేసి, అందులో ఇత్తడి నిపుల్ (మరలున్న పొట్టి గొట్టం ముక్క) దూర్చి, రెండు వైపులా రబ్బరు వాషర్లతో నట్లు బిగించాను. నిపుల్‌కి ఇత్తడి టీ, అంటే T ఆకారంలో మూడు దారులున్న జాయింటు. టీ ఒక చేతికి టైరు వాల్వ్, రెండో చేతికి బాల్ వాల్వ్ (పిడి తిప్పితే తెరుచుకునే కుళాయి లాంటిది), దాని ముందు గొట్టం. మర మీద టెఫ్లాన్ టేప్ బిగించే దిశలోనే చుట్టండి, ఎదురు చుడితే బిగిస్తుంటే ముద్దగా పోగవుతుంది. తర్వాత సబ్బు నీళ్లు పూసి బుడగలు చూడండి. నాకు రెండు సాయంత్రాలు ఆ బుడగల వెనకాలే పోయాయి.

గొట్టం నిటారుగా కోయడానికి ఒక చిట్కా: కాగితం పట్టీని గొట్టం చుట్టూ చుట్టి అంచులు కచ్చితంగా కలిసేలా చూసి, ఆ అంచు వెంట పెన్సిల్ గీయండి. ఒక్కసారిగా కోసేయకుండా గొట్టాన్ని తిప్పుకుంటూ గీత మీదే కోస్తే రంపం పక్కకి జారదు. లోపలి గరుకు అంచుని ఎమరీ పేపర్‌తో తీసేయాలి, లేకపోతే స్పాంజి అక్కడే చిరుగుతుంది. స్పాంజి బిగువు ఎంతుండాలంటే, గొట్టాన్ని తలకిందులు చేస్తే జారి పడకూడదు, నోటితో ఊదితే కదలాలి. నోటితో ఊదడం మాత్రం గొట్టాన్ని వాల్వ్ నుంచి విప్పేశాకే.

ఇక రెండోది ఎందుకు ఉస్సుమంది? అంతా సరిగానే ఉంది, లీకు లేదు, కానీ స్పాంజి నాలుగడుగుల దూరంలో సిగ్గుపడుతూ పడింది. ఒత్తిడి పెంచాలని చెయ్యి దురద పెట్టింది. పెంచలేదు, ఆలోచించాను. 20 మిల్లీమీటర్ల గొట్టంలో 2 బార్ అంటే స్పాంజి వెనక సుమారు 6 కిలోల తోపు. అంత తేలిక ముక్క అర మీటరు గొట్టం దాటడానికి కొన్ని మిల్లీసెకన్లు చాలు. నా చెయ్యి బాల్ వాల్వ్ పిడిని తిప్పడానికి అంతకి పదుల రెట్లు పడుతోంది. అసలు గాలి రాకముందే స్పాంజి చిన్న సందులోంచి వచ్చిన గాలికే బయటికి జారిపోతోంది.

పరిష్కారం ఒత్తిడిలో లేదు, వాల్వ్ వేగంలో ఉంది. పిడికి సైకిల్ ట్యూబు పట్టీలు కట్టి గట్టిగా లాగి, మేకుతో ఆపాను. మేకు లాగితే పిడి తనంతట తానే ఫట్‌మని తిరుగుతుంది. ఇంకో విషయం ఎవరూ చెప్పరు: బాల్ వాల్వ్ పిడి మొదటి కొన్ని డిగ్రీలు తిప్పినా గాలి రాదు, అది ఖాళీ తిప్పుడు. అందుకే పిడిని పూర్తిగా మూసిన చోట కాకుండా, ఉస్ అనబోయే చోటికి ఒక్క వెంట్రుక ముందు మేకు పెట్టాను. అదే 2 బార్‌తో స్పాంజి గది అవతలి గోడకి తాకింది. ఆ రోజు ఇంట్లో వాళ్లకి కూడా కాస్త నమ్మకం వచ్చింది.

1780ల్లో ఆస్ట్రియా సైన్యం జిరార్దోని గాలి రైఫిల్ వాడింది. భుజానికి ఆనించే దాని మడమే గాలి ట్యాంకు. నింపడానికి పంపు సుమారు 1500 సార్లు కొట్టాలంటారు. నా బాటిల్‌కి ఆ తిప్పలు లేవు, కొన్ని దెబ్బలు చాలు.

గాలి ఉన్నప్పుడు ఏ నట్టూ విప్పకండి, గొట్టంలోకి తొంగి చూడకండి. గురి కాగితం మీదే, మనుషుల మీద కాదు. బాటిల్ మీద మడతో తెల్ల గీతో కనిపిస్తే దాన్ని పారేసి కొత్తది బిగించండి. మూత మాత్రం దాచుకోండి, దానికి పడ్డ ఆకురాయి శ్రమ మళ్లీ పడలేం.