పడమటి గోడ చెమ్మకి లోపల పాలిథిన్ షీటా? వద్దండీ

కాకినాడ ఇంట్లో ఏసీ గది పడమటి గోడ వేసవిలో కాలిపోతోంది, వానాకాలంలో బూజు పడుతోంది, అమెరికాలో చలి ఎక్కువుండే మిన్నెసోటాలో ఉన్న బావగారు చెప్పినట్టు లోపలివైపు పాలిథిన్ షీట్, దానిమీద జిప్సం బోర్డు వేయించనా అని అడిగారు. ఆయన మాట అక్కడికి సరే. అక్కడి చలికాలంలో ఇంట్లోని తేమ బయటికి పోతుంటుంది, లోపలి షీట్ దాన్ని ఆపుతుంది. మన తీరంలో వ్యవహారం తిరగబడుతుంది. బయట 32 డిగ్రీలు, 75 శాతం తేమ ఉంటే ఆ గాలి 27 డిగ్రీల దగ్గరే నీరు కడుతుంది. మీరేమో ఏసీ 22లో పెడుతున్నారు! బయటి తేమంతా షీట్ వెనక చిక్కుకుని, కంటికి కనబడకుండా బూజు పెంచుతుంది. వినైల్ వాల్‌పేపర్‌తోనూ ఇదే గొడవ.

ముందు బయట చూడండి. పగుళ్లు పూడ్పించండి. సన్‌షేడ్ అడుగున అంచు పొడుగునా సన్నటి గాడి ఉందా? లేకపోతే వాన నీళ్లు అడుగునుంచి గోడ మీదికి పాకుతాయి. మా మేస్త్రీ ఆ గాడి మర్చిపోయాడు, రెండు వానాకాలాలు అనుభవించాం. గోడ పూర్తిగా ఆరాక బయటివైపే 50 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ షీట్లు (వేడిని ఆపే గట్టి ఫోమ్ పలకలు), ఫైబర్ మెష్‌తో ప్లాస్టరింగ్, పైన తెలుపు. ఖర్చనిపిస్తే ప్రస్తుతానికి తెల్ల పెయింటు చాలు. ఏసీ 26లో పెట్టి ఫ్యాను వేసుకోండి.