గొలుసు ముందా, కార్డు ముందా?

ప్రశ్న: మా వారి జీతం 28,000 రూపాయలు. క్రెడిట్ కార్డు బాకీ 60,000, నోటు రాసి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన లక్ష, బ్యాంకులో గొలుసు తాకట్టుపై 80,000 ఉన్నాయి. ఇల్లు గడిచాక 8,000 మిగులుతోంది. ముందు గొలుసు విడిపించుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: గొలుసు మీద మమకారం సహజమే గానీ, సాధారణంగా ఈ మూడింటిలో తక్కువ వడ్డీ దానిదే కనుక, గడువు దాటకుండా వడ్డీ కడుతూ దాన్ని చివరికి ఉంచండి. కార్డుపై నెలకు నూటికి మూడున్నర చొప్పున లెక్కవేస్తే 60,000కు వడ్డీ 2,100, ఆ వడ్డీపై 18 శాతం జీఎస్టీ 378. అంటే కనీస మొత్తమని 3,000 కట్టినా అసలులో తగ్గేది 522 రూపాయలే. నోటు వడ్డీ 2,000, గొలుసు వడ్డీ సుమారు ఏడెనిమిది వందలు పక్కన పెట్టి, మిగిలిన ఐదు వేల పైచిలుకును కార్డుకే మళ్లిస్తే దాదాపు 16 నెలల్లో తీరుతుంది. అంతవరకు ఆ కార్డుతో ఉప్పు పొట్లం కూడా కొనవద్దు. బాకీని తక్కువ వడ్డీ వాయిదాలుగా మార్చమని బ్యాంకును అడిగి చూడండి. తరువాత నోటు సంగతి: అసలు కట్టిన ప్రతిసారీ దాని వెనుక తేదీ వేసి, చెల్లు రాయించుకోండి; ఇచ్చినవారు బంధువులైతే (తరచూ అంతే కదా) మొహమాటం అసలే వద్దు.