పెద్దలు కెమెరా ముందు బిగుసుకుపోతుంటే

నమస్కారమండీ. ఉట్నూరు దగ్గరి మీ గూడెంలో పెద్దల పాటలను చిత్రించబోతే వారు బిగుసుకుపోయి, గోండి వదిలి తెలుగులోనే జవాబిస్తున్నారనీ, బెంగళూరు నుంచి నెలకు రెండు రోజులే వెళ్లగలననీ రాశారు. నా దృష్టిలో చిక్కు కెమెరాతో కాదు. ప్రశ్న తెలుగులో వస్తే జవాబూ తెలుగులోనే వస్తుంది. ఫోన్‌ను గూడెంలోని మనవళ్లకే అప్పగించి గోండిలో అడగనివ్వండి. తీసినదానిని ఆ రాత్రే తెల్ల దుప్పటి కట్టి అందరికీ చూపించండి. బ్రెజిల్‌లో 1986లో మొదలైన ‘వీడియో నాస్ అల్దేయాస్’ (‘ఊళ్లలో వీడియో’) అనే ఆదివాసీ చిత్రాల పథకం పని ఇలాగే నడిచింది: నంబిక్వారా ఆదివాసులు తమ వేడుకను తెరపై చూసుకొని, ఒంటి మీద బట్టలు మరీ ఎక్కువయ్యాయని నొచ్చుకొని, పాత అలంకరణతో మళ్లీ జరిపించడమే కాక, ఆగిపోయిన ముక్కు, పెదవి కుట్టే ఆచారాన్నీ తిరిగి చేపట్టారు.

కిక్రి అనే తీగవాద్యం మోత పాటను మింగేస్తోందన్నారు. రెండో ఫోన్‌ను రికార్డింగ్‌లో పెట్టి పాడేవారి చొక్కా జేబులో ఉంచితే చాలు.

సబ్‌టైటిళ్లకు ముందుగా గోండి మాటలను ఉన్నవి ఉన్నట్టు తెలుగు లిపిలో రాయించి, ఆ తరువాతే అనువదించండి. ఉచితంగా దొరికే ‘ఎలాన్’ అనే సాఫ్ట్‌వేర్‌లో రెండింటినీ వేర్వేరు వరుసల్లో, సమయంతో సహా ఉంచుకోవచ్చు. (గుంజాల గోండి లిపి 2018లోనే, కంప్యూటర్ అక్షరాల ప్రమాణమైన యూనికోడ్‌లో చేరింది, అది చదివే పిల్లలుంటే ఇంకా మంచిది.) ఎడిటింగ్‌ను మాత్రం బెంగళూరు మడివాళలోని మీ గదిలో ఒంటరిగా ముగించకండి, బయటివారికి చూపకూడని పాటలేవో గూడెం పెద్దలే తేల్చాలి.