డిగ్రీలో మ్యాథ్స్ చదువుతూ పక్కన శిశువిద్య కూడా చదివితే ఉపయోగం ఉంటుందా?

ఎం.పి.సి. పూర్తిచేసి బి.ఎస్సీ. మ్యాథ్స్‌లో చేరబోతున్న ఓ అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. దాంతోపాటు చిన్నపిల్లల విద్య కూడా చదవాలని ఉందట. ఇంట్లోవాళ్ళేమో "పిల్లల్ని ఆడించడానికి చదువెందుకే, అసలు ఆ రెండిటికీ పొంతనేంటి" అంటున్నారట.

ఉపయోగం ఉంది చెల్లెమ్మా, ధైర్యంగా చేరు. నేను చదివింది అచ్చం ఆ రెండే. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. రోజూ బస్సెక్కి డిగ్రీ కాలేజీకి వెళ్ళేదాన్ని, పక్కన ఇగ్నో దూరవిద్యలో ఎర్లీ చైల్డ్‌హుడ్ కేర్ అండ్ ఎడ్యుకేషన్ డిప్లొమా కట్టాను. దానికి ఇంటర్ పాసైతే చాలు. పొంతన లేదనేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. లెక్కలు ఎక్కడ పుడతాయో చూడాలంటే మూడు, నాలుగేళ్ళ పిల్లల మధ్య కూర్చోవాలి. డిగ్రీ పుస్తకాలు ఆ సంగతి చెప్పవు.

ఆ డిప్లొమాలో ప్రాజెక్టు పని ఉంటుంది. దానికోసం వశిష్ఠ గోదావరి ఒడ్డునున్న ఒక లంక ఊరి అంగన్‌వాడీకి వెళ్ళేదాన్ని. సరిగ్గా ఆ రోజుల్లోనే కాలేజీలో మా మాస్టారు అనంత సమితులు, అంటే అంతులేనన్ని వస్తువులుండే గుంపుల గురించి చెప్తున్నారు. రెండు సమితులు సమానమో కాదో తేల్చడానికి వాటిలో ఎన్నున్నాయో లెక్కపెట్టక్కర్లేదు, ఇందులో ఒక్కోదానికి అందులో ఒక్కోటి జతపడి ఏదీ మిగలకపోతే చాలు. 19వ శతాబ్దం చివర్లో గణిత శాస్త్రవేత్త జార్జ్ కాంటర్ అనంతాన్నే పోల్చి చూసింది ఈ పద్ధతితోనే. వన్-వన్, ఆన్‌టు అంటూ బోర్డు మీద బాణాలు గీశారు, అందరం నోట్సులో ఎక్కించుకున్నాం.

ఆ వారమే అంగన్‌వాడీలో అన్నాలవేళ ఆయమ్మ స్టీలు కంచాల దొంతర తెచ్చి కింద పెట్టింది. నాలుగేళ్ళు కూడా నిండని ఓ పిల్ల లేచి, నేను పెడతానంది. అంకెలు చెప్పమంటే "ఒకటి, రెండు, ఐదు, పది" అనే పిల్ల అది. వరసలో కూర్చున్నవాళ్ళ ముందు ఒక్కో కంచం పెట్టడం, వాళ్ళ నెత్తిమీద చిన్నగా తట్టడం, పక్కకి జరగడం. చివర్న కూర్చున్న బుడ్డోడి దగ్గరికి వచ్చేసరికి చేతిలో కంచం లేదు. వాడి నెత్తిమీద కూడా తట్టింది. వాడి ముందు నేలని చూసింది. ఆయమ్మ వైపు తిరిగి, "ఈడికి లేదు, ఇంకోటి తే" అంది. నిజంగానే ఒక కంచం కుళాయి దగ్గరే ఉండిపోయింది.

తర్వాత గుడ్లు. హాజరు పట్టీలో ఎంతమంది ఉన్నారో అన్ని ఉడకబెట్టింది ఆయమ్మ. ఆ పిల్లే కంచానికొకటి చొప్పున వేసుకుంటూ వెళ్ళింది. గిన్నెలో ఒకటి మిగిలింది. దాన్ని చేత్తో పట్టుకుని కాసేపు అందరి మొహాలూ చూసి, "ఎవరో రాలేదు" అంది.

ఐదు దాకా సరిగ్గా లెక్కపెట్టడం రాని పిల్ల అది! నెత్తికో కంచం, కంచానికో గుడ్డు, మిగిలితే ఒక మనిషి తక్కువ. మా మాస్టారు గీసిన బాణాలన్నీ ఆ వరసలో నాకు కళ్ళకి కట్టాయి. పక్కనే మ్యాథ్స్ చదువుతున్నాను కాబట్టి ఆ పిల్ల చేసింది గణితమని గుర్తుపట్టాను. లేకపోతే "భలే చలాకీ పిల్ల" అని ఊరుకునేదాన్ని.

అదే ఊళ్ళో కాన్వెంటుకెళ్ళే ఎల్.కె.జి. పిల్లాడొకడు వన్, టూ అంటూ హండ్రెడ్ దాకా ఆగకుండా చెప్పేవాడు. వాళ్ళమ్మ ఎవరొచ్చినా చెప్పించేది. వాడి ముందు ఐదు చింతపిక్కలు పోసి లెక్కపెట్టమన్నాను. వేలు పెట్టి ఐదూ లెక్కపెట్టాడు. "అయితే ఎన్నున్నాయిరా?" అంటే మళ్ళీ వన్ నుంచి మొదలెట్టాడు. ఎన్నిసార్లడిగినా అంతే. చివర పలికిన అంకే మొత్తం అనే ఎరుక వాడికింకా రాలేదు. అది అంకెలు వల్లెవేసినంత మాత్రాన రాదు, పిక్కలతోటీ కంచాలతోటీ ఆడగా ఆడగా వస్తుంది.

ఇక్కడే నాకు కడుపు మండేది. మా వైపు ఏ ఊరు చూడు, మూడేళ్ళ పిల్లల్ని పొద్దున్నే బస్సెక్కించి, వేళ్ళకింకా పట్టు రాకముందే పెన్సిలిచ్చి నాలుగు గీతల పుస్తకాల్లో పేజీలకి పేజీలు రాయిస్తున్నారు. 2020 జాతీయ విద్యా విధానంలో స్పష్టంగా రాశారు, మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ళ లోపే జరుగుతుందని, మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే పునాది దశ అని, ఆ దశంతా ఆటపాటలతో సాగాలని. అయినా నాలుగేళ్ళ పిల్లకి హోంవర్కు ఇవ్వకపోతే ఫీజు దండగ అనుకునే తల్లిదండ్రులే ఎక్కువ. ఇంకోపక్క అంగన్‌వాడీ టీచరు. అంగన్‌వాడీలు నడిచే ఐ.సి.డి.ఎస్. పథకం మొదలైంది 1975 అక్టోబరు 2న. ఇన్నేళ్ళు గడిచినా ఆవిడకిచ్చేది గౌరవ వేతనమే, జీతం కాదు. బరువులు తూచాలి, రిజిస్టర్లు నింపాలి, ఫోన్లో ఫొటోలు ఎక్కించాలి, సర్వేలకి తిరగాలి. ఇక పిల్లలతో కూర్చునేదెప్పుడు?

మీ ఇంట్లోవాళ్ళకి ఒకటి చూపించు. నాలుగేళ్ళ పిల్ల ఎదురుగా రెండు తవ్వల బియ్యం సమానంగా కొలిచి, ఒకటి సన్నటి పొడుగు పాత్రలో, ఇంకోటి వెడల్పు పళ్ళెంలో పొయ్యి. ఎందులో ఎక్కువున్నాయని అడిగితే ఎక్కువమంది పిల్లలు పొడుగు పాత్రే చూపిస్తారు. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త పియాజె నీళ్ళతో చేసి చూపించింది ఇదే. సుమారు ఏడేళ్ళొచ్చేదాకా చాలామంది పిల్లల ఆలోచన అలాగే ఉంటుంది. కొట్టి చెప్పినా మారదు. అలాంటి పిల్లకి తీసివేతలు ఎలా చెప్పాలో తెలియాలంటే చదువు కావాలా వద్దా, వాళ్ళనే చెప్పమను.

ఇక రూల్స్. 2022 ఏప్రిల్‌లో యు.జి.సి. ఒకేసారి రెండు డిగ్రీలు చదవొచ్చని చెప్పింది. రెండూ కాలేజీకి వెళ్ళి చదివేవైతే క్లాసుల వేళలు ఒకదాని మీద ఒకటి పడకూడదు. ఒకటి రెగ్యులర్, ఒకటి దూరవిద్యగా కూడా చదవొచ్చు. అయితే ఇగ్నో డిప్లొమా చూపించి ప్రాథమిక బడిలో ఎస్.జి.టి. టీచరు పోస్టుకి వెళ్ళలేవు, దానికి డి.ఎడ్. కావాలి. టీచరే అవ్వాలనుంటే నాలుగేళ్ళ ఐ.టి.ఇ.పి. కోర్సు గురించి కూడా కనుక్కో. 2023-24లో మొదలైంది, ఒక సబ్జెక్టూ ఉపాధ్యాయ విద్యా కలిసి ఒకే డిగ్రీగా వస్తాయి, పునాది దశ టీచర్లకి విడిగా కోర్సు ఉంది. అందులో చేరాలంటే ఎన్.సి.ఇ.టి. అనే ప్రవేశ పరీక్ష రాయాలి.

ఎందులో చేరినా డబ్బు కట్టే ముందు ఒక్కటి అడుగు. పిల్లల మధ్య నన్ను ఎన్ని గంటలు కూర్చోబెడతారు, నేను చేసేది ఎవరైనా వచ్చి చూస్తారా, లేక రికార్డు రాసి సంతకం పెట్టించుకుంటే సరిపోతుందా అని. రికార్డు చాలంటే అక్కడ చేరకు. చేరక తప్పకపోతే మీ ఊరి అంగన్‌వాడీ టీచర్ని బతిమాలుకుని శనివారాలు వెళ్ళి కూర్చో. అన్నాలవేళకి మాత్రం తప్పకుండా ఉండు.