పతకం లేకుండా ఒలింపిక్స్ నుంచి వచ్చిన మారీ కల్ద్‌వే కెరీర్ గొప్పదేనా?

"2026 వింటర్ ఒలింపిక్స్‌లో ఎస్టోనియా తరఫున కర్లింగ్ ఆడిన మారీ కల్ద్‌వేకి పతకం రాలేదు కదా, ఆమె కెరీర్ గొప్పదని ఎలా అంటారు? అసలు ఆ ఆటలో అంత కష్టం ఏముంది?" అని అడిగారు. ఉద్యోగం కోసం ఎస్టోనియా రాజధాని తాలిన్ వచ్చి ఇక్కడే స్థిరపడిపోయాను. మంచు మీద బరువైన రాయిని జార్చి అవతలి చివరి వలయాల మధ్యకు చేర్చే ఈ ఆటంటే నాకు ప్రాణం. అందుకని రెండో ప్రశ్నతోనే మొదలుపెడతాను. అది తెలిస్తే మొదటిదానికి జవాబు దానంతట అదే వస్తుంది.

ఒక నవంబరులో మా ఆఫీసు టీమ్‌ని కర్లింగ్ హాలుకు తీసుకెళ్లారు. ఇక్కడ ఆ నెల చివర్లో మధ్యాహ్నం మూడున్నరకే చీకటి పడిపోతుంది, జనానికి ఇలాంటి హాళ్లే దిక్కు. మాకు నేర్పించడానికి ఒక నడివయసు ఆవిడ వచ్చారు. ముందు మంచును చేత్తో తడిమి చూడమన్నారు. స్కేటింగ్ మంచులా నున్నగా లేదు, చేతికి గరుకుగా తగిలింది. నీళ్లు చుక్కలు చుక్కలుగా చల్లి గడ్డకట్టిస్తారు. పెబుల్ అంటారు దాన్ని. రాయి ఆ బుడిపెల మీద జారుతుంది. అడుగు మొత్తం మంచుకు ఆనదు, గుండ్రటి సన్నని అంచు ఒక్కటే తగులుతుంది.

రాయి దాదాపు ఇరవై కిలోల గ్రానైట్. విసిరే ముందు ప్రతిసారీ దాన్ని పక్కకు వంచి, అడుగును అరచేత్తో తుడవాలని ఆవిడ మాకు చేసి చూపించారు. మాలో ఒకతను ఉన్ని మఫ్లర్ వేసుకొచ్చాడు. అతను వదిలిన రాయి సగం దూరం బాగానే వెళ్లింది. ఉన్నట్టుండి ఎడమవైపు లాగేసి, వేగం చచ్చి ఆగిపోయింది. అందరం అతను సరిగ్గా తోయలేదనే అనుకున్నాం. ఆవిడ మాత్రం నింపాదిగా నడిచి వెళ్లి, రాయిని వంచి, కింద నుంచి రెండు వేళ్లతో ఏదో తీశారు. అరచేతిలో పెట్టి మా అందరికీ చూపించారు. ఎర్ర ఉన్ని పోగు, కనురెప్ప వెంట్రుకంత కూడా లేదు. "పెద్ద మ్యాచ్‌లో అయితే దీనివల్ల ఓడిపోతారు" అన్నారు. కోపం లేదు, హాస్యం లేదు, మామూలుగా చెప్పారు. ఇరవై కిలోల రాయి దారిని ఒక ఉన్ని పోగు తిప్పేసిన ఆ రోజు నుంచి నేను కర్లింగ్‌ని తక్కువగా మాట్లాడేవాళ్లతో వాదించడం మొదలుపెట్టాను.

వింటర్ ఒలింపిక్స్ వచ్చిన ప్రతిసారీ మన తెలుగు సైట్లలో "చీపుర్ల ఆట" అని ఒక నవ్వులాట వార్త వస్తుంది. చాలా బాధేస్తుంది. కదులుతున్న రాయి ముందు ఆ బ్రష్‌తో రుద్దితే మంచు పైపొర కాస్త వేడెక్కి రాపిడి తగ్గుతుంది. అప్పుడు రాయి ఇంకొంచెం దూరం పోతుంది, ఇంకొంచెం తిన్నగా పోతుంది. రాయి గమ్యం చేరే ఆ పాతిక సెకన్లలోపు ఎంత రుద్దాలి, ఎప్పుడు ఆపాలి అని తేల్చుకోవాలి, ఒంటి బలమంతా పెట్టాలి. ఇంకో మాట. పొరపాటున బ్రష్ రాయికి తగిలితే తగిలించినవాళ్లే నోరు తెరిచి చెప్పాలి, ఇది ఈ ఆట మర్యాద. ఇంత నిజాయితీ ఉన్న ఆట ప్రపంచంలో ఇంకొకటి లేదని నా గట్టి నమ్మకం.

ఇక మారీ సంగతి. ఎస్టోనియా జనాభా పద్నాలుగు లక్షల లోపే. విశాఖపట్నంలో ఉన్నంత జనం దేశం మొత్తం కలిపినా లేరు. ఇక్కడ చలికాలపు ఆట అంటే స్కీయింగే. 2006 టూరిన్ ఒలింపిక్స్‌లో క్రిస్టినా ష్మిగున్ రెండు స్వర్ణాలు తెచ్చిన దేశం ఇది. అలాంటి చోట కర్లింగ్ రాయి పట్టుకోవడమే పెద్ద నిర్ణయం.

ఆమె గురించి వెతికేవాళ్లకు ఒక సూచన: పెళ్లికి ముందు ఆమె మారీ తుర్మన్. పాత ఫలితాలన్నీ ఆ పేరుతోనే ఉంటాయి. మన దగ్గర రాసేవాళ్లు కొత్త పేరుతో మాత్రమే వెతికి, ఆమె నిన్న మొన్న వచ్చిన క్రీడాకారిణి అన్నట్టు రాసేస్తారు. నలుగురి మహిళల జట్టుకు స్కిప్‌గా, అంటే కెప్టెన్‌గా, ఆమె ఏళ్ల తరబడి ఆడింది. 2021 డిసెంబరులో నెదర్లాండ్స్‌లోని లేవార్డెన్‌లో బీజింగ్ ఒలింపిక్స్ అర్హత పోటీ జరిగినప్పుడు ఆ జట్టూ బరిలో ఉంది. తొమ్మిది జట్లు, మూడే బెర్తులు. బ్రిటన్, జపాన్, దక్షిణ కొరియా వాటిని దక్కించుకున్నాయి. రెండు నెలలు తిరిగేసరికి బీజింగ్‌లో స్వర్ణం బ్రిటన్‌ది, రజతం జపాన్‌ది. ఎస్టోనియా అమ్మాయిలు ఎవరితో తలపడి వెనుదిరిగారో చూడండి. "అర్హత సాధించలేదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఇదంతా కనిపించదు.

ఆమె మిక్స్‌డ్ డబుల్స్ మీద పెట్టిన దృష్టే నా ఉద్దేశంలో ఈ కెరీర్‌కి గుండెకాయ. ఒక అమ్మాయి, ఒక అబ్బాయి ఉంటే చాలు, ఇద్దరితో జట్టు అయిపోతుంది. చిన్న దేశానికి ఇంతకంటే తెలివైన దారి లేదు. అయితే ఇద్దరే కాబట్టి తేలిక అనుకోకండి. నలుగురి ఆటలో ఒకరు విసిరితే ఇద్దరు రుద్దుతారు, అవతలి చివర నిలబడి స్కిప్ దారి చెబుతాడు. డబుల్స్‌లో విసిరినవాళ్లే చటుక్కున లేచి తమ రాయి వెంట పరుగెత్తి రుద్దాలి. ఇద్దరూ రుద్దుతుంటే అవతలి చివర దారి చెప్పే మనిషే ఉండడు. పైగా ప్రతి ఎండ్‌లో, అంటే ప్రతి రౌండ్‌లో, నాలుగో విసురు వచ్చేదాకా ఏ రాయినీ ఆట నుంచి తప్పించకూడదు, అందువల్ల వలయాల్లో రాళ్లు గుంపుగా చేరతాయి. ఒక్క విసురుతో లెక్క తారుమారు. అసలు నలుగురి ఆటకంటే ఇదే కష్టం అంటాను, ఎవరొచ్చి వాదించినా సరే.

ఆమె జోడీ హారి లిల్. ఎస్టోనియా పురుషుల జట్టుకు స్కిప్‌గా ఆడినవాడు. వీళ్లిద్దరూ 2024లో స్వీడన్‌లోని ఒస్టర్‌సుండ్‌లో జరిగిన ప్రపంచ మిక్స్‌డ్ డబుల్స్ పోటీలో ఫైనల్ దాకా వెళ్లారు. అక్కడ ఇరవై దేశాలు ఆడాయి. ఒక్కో గ్రూపులో పది, అంటే నాకౌట్ చేరడానికే తొమ్మిది మ్యాచ్‌లు ఆడాలి. ఫైనల్లో ఎదురైంది స్వీడన్ వాళ్లే, అన్నాచెల్లెళ్లయిన రాస్ముస్, ఇసబెల్లా వ్రానో. సొంత గడ్డ మీద వాళ్లు గెలిచారు, మారీ, హారిలకు రజతం దక్కింది. ఆ ఫైనల్‌ని నేను ఆన్‌లైన్‌లో ఒక్క ఎండ్ కూడా వదలకుండా చూశాను. అంత టెన్షన్‌లోనూ ప్రతి విసురుకు ముందు రాయిని వంచి, అడుగు తుడుచుకోవడం ఒక్కసారీ మరవరు వీళ్లు. నాకు ఆ ఉన్ని పోగే గుర్తొచ్చింది.

తర్వాత 2026 మిలాన్–కోర్టినా ఒలింపిక్స్. మిక్స్‌డ్ డబుల్స్‌లో ప్రపంచం మొత్తానికి ఉన్నవి పది చోట్లే. కెనడా, స్విట్జర్లాండ్, నార్వే, అమెరికాల సరసన ఎస్టోనియా కూర్చుంది. ఒలింపిక్స్ కర్లింగ్‌లో ఈ దేశం ఆడటం అదే మొదటిసారి. పతకం రాలేదన్నారు, నిజమే. ఆ స్వర్ణం తీసుకున్నది మళ్లీ ఆ వ్రానో తోబుట్టువులే. అంటే అంతకు రెండేళ్ల ముందు ప్రపంచ ఫైనల్లో మారీ ఎదురు నిలిచింది తర్వాతి ఒలింపిక్ చాంపియన్లకి. ఇది గొప్ప కెరీర్ కాకపోతే గొప్ప కెరీర్ అని దేన్నంటారో మీరే చెప్పండి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మన ఇళ్లలో ఆడపిల్ల ఆటలు ఆడతానంటే "తర్వాత ఉద్యోగం వస్తుందా" అనే మొదట అడుగుతారు. స్పోర్ట్స్ కోటా, సర్టిఫికెట్, అంతే లెక్క. కర్లింగ్‌లో డబ్బు తక్కువ. ఉద్యోగమో చదువో చేసుకుంటూ సాయంత్రాలు ప్రాక్టీసుకు వెళ్లేవాళ్లే చాలా దేశాల్లో ఎక్కువ. అయినా తరాల తరబడి ఆడుతున్నారు. మా మేనకోడలు షటిల్ మానేసి కోచింగ్ సెంటర్‌లో చేరినప్పుడు ఇంట్లో ఎవరికీ చీమ కుట్టినట్టయినా అనిపించలేదు. నాకు మాత్రం ఇప్పటికీ ఆ కడుపుమంట తగ్గలేదు.

చూడాలని ఉంటే ఆ 2024 ఫైనల్‌తోనే మొదలుపెట్టండి. ఎనిమిది ఎండ్‌లే, పెద్ద సమయం పట్టదు. ప్రతి ఎండ్ మొదట్లో ముందే పెట్టి ఉంచే రెండు రాళ్లను గమనించండి. అవి మధ్యలో కాకుండా పక్కకు జరిగి ఉంటే ఎవరో పవర్‌ప్లే తీసుకున్నట్టు. మ్యాచ్‌లో ఒక్కో జట్టుకు ఒక్కసారే ఆ అవకాశం, ఎక్కువ పాయింట్లు కొట్టే ఎండ్ సాధారణంగా అదే అవుతుంది. ఇంకేమైనా అర్థం కాకపోతే కింద అడగండి, చెబుతాను.